గోడ దాటిన పురుగులు

మా సందు మొదట్లో పొయ్యి పెట్టుకుని పులియబెట్టిన సోయాగింజల టెంపేతో బజ్జీలు వేయించి అమ్ముతాను నేను. పొద్దున ఎక్కించిన మూకుడు సాయంత్రం దాకా దించను. అందుకని ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో, ఎవరి మొహం ఎందుకు మాడిందో నాకు తెలియకుండా ఉండదు. మనుషుల్ని చూసీ చూసీ నాకు వాళ్ళ మీద పెద్ద భ్రమలేమీ మిగల్లేదు. తుర్సినా మీద మాత్రం కొంచెం ఉండేవి. ఆమె సంగతి చెప్పాలనే ఈ తాపత్రయం.

తుర్సినా బాతుల కాపరి కూతురు. కోతలైపోయిన పొలాల వెంబడి వాళ్ళ నాన్న బాతుల మందను తోలుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు. పిల్లా వెంటే తిరిగేది. ఇక బడి ఎక్కడ, చదువెక్కడ? పెళ్ళయ్యాక మా సందుకొచ్చింది. మొగుడు లారీ తోలేవాడు. తోలుకుంటూ తోలుకుంటూ సముద్రం దాటి సుమత్రా దీవికి వెళ్ళి అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తుర్సినా దగ్గరి టౌను పుర్వొకెర్తో మార్కెట్లో ఉల్లిపాయలు ఒలిచే పనికి కుదిరింది. ఎప్పుడు చూసినా కళ్ళు ఎర్రగా ఉండేవి కాబట్టి, అతని కోసం ఏడ్చిందో లేదో నాకు కూడా తెలియలేదు.

ఈ పురుగుల వ్యవహారం తర్వాత వచ్చింది. ఊరి చెత్తంతా తీసుకెళ్ళి పోసే చోట అక్కడి జనం ఒకరోజు లారీలకు అడ్డం పడుకున్నారు. మీ కంపు మేమెందుకు పీల్చాలి అన్నారు. న్యాయమే. దాంతో మా కంపు మాకే మిగిలింది. మొదట నది మలుపులో పోశాం. వానలకు నది దాన్ని తిరిగి మా గుమ్మాల్లోకే తెచ్చింది. అప్పుడు టౌను నుంచి ఎవరో వచ్చి, నల్ల ఈగల పిల్లలకు వంటింటి చెత్త పెడితే అవి తినేసి ఎరువు చేస్తాయి, ఆ పురుగులు బాతులకూ చేపలకూ మేత అవుతాయి అని చెప్పడానికి ఒక పూట మీటింగు పెట్టారు. సందు సందంతా వెళ్ళింది. భోజనం పొట్లాలిస్తామన్నారు కదా మరి. అందరం కోడిమాంసం అన్నం తెచ్చుకున్నాం. తుర్సినా మాత్రం అన్నంతోపాటు అరటాకు ముక్కలో చిటికెడు ఈగ గుడ్లు కూడా కట్టించుకుని వచ్చింది.

చూసి నవ్వినవాళ్ళలో నా నవ్వే పెద్దది. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె ఇంటి వెనక వెదురు తడికెల షెడ్డు లేచింది. లోపల సిమెంటు తొట్లు, తొట్లనిండా తెల్లగా కుతకుతలాడే పురుగులు. అరటి తొక్క, పాచిపోయిన అన్నం, చేప తల, కొబ్బరి పిప్పి, ఏది పడేసినా పొద్దుటికి ఉండేది కాదు. ఒక మూల దోమతెర గూడులో నల్ల ఈగలు. మన ఇంటి ఈగల్లా అన్నం మీద వాలే రకం కాదు అవి. సన్నగా, నల్లగా ఉండి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. వాటికసలు తినే నోరే లేదని తుర్సినా చెప్పింది. "ఈ సందులో నోరు లేనివి అవే వదినా" అంది నన్ను చూస్తూ. నాకే తగిలింది.

ఒకరోజు తొట్టి పక్కన ఏటవాలుగా ఆనించి ఉన్న పలక మీద పురుగులు బారులు తీరి ఎక్కుతుంటే చూపించింది. అవి మిగతావాటిలా తెల్లగా లేవు. తుమ్మ గింజల్లా నల్లగా, బిరుసుగా ఉన్నాయి. ఎదిగిన పురుగు నల్లబడి తిండి మానేస్తుందట. ఇక దానికి కావలసింది పొడిగా, చీకటిగా ఉండే చోటు. అక్కడ దాక్కుని ఈగ అవుతుంది. పలక చివర రంపప్పొట్టు పెట్టె పెడితే వాటంతట అవే ఎక్కి అందులో రాలతాయి. ఈ నల్లవాటిని సందులో చూసినవాళ్ళు తక్కువ. చెత్త బకెట్టు తెచ్చి ముక్కు మూసుకుని పోసి పారిపోయేవాళ్ళకు పెట్టెలో ఏముందో ఎందుకు?

ప్రతి ఇంటి బకెట్టూ పొద్దున్నే ఆమె గుమ్మం ముందుకొచ్చేది. 'తుర్సినా ఇంట్లో ఉందా?' అని అడగని రోజు లేదు. మొగుడు వదిలేసిన ఆడది అన్న మాట క్రమంగా వినపడటం మానేసింది. ఉల్లిపాయల పని వదిలేసింది. పాతిక బాతులు పెంచింది. నడకలోనే ఒక తీరు వచ్చింది. చూసి నాకు కొంచెం ఈర్ష్య కలిగిన మాట నిజం, అంతకంటే ఎక్కువ సంతోషం కలిగింది.

ఆమె షెడ్డుకు పక్కన ఆనుకుని ఉన్నది కార్సాన్ ఇల్లు. తడికెకూ అతని గోడకూ మధ్య చెయ్యి దూరేంత సందు కూడా లేదు. కార్సాన్ వయసులో ఉండగా జాతరల్లో పాచికలాట నడిపేవాడు. మా దగ్గర చాలామంది ఆడవాళ్ళ చెవులు బోసిపోయింది ఆ పాచికల వల్లే. వార్డు పెద్ద హర్తోయో వాళ్ళ నాన్న గేదెను పోగొట్టుకున్నది కూడా అక్కడే. తర్వాత ఏమైందో ఏమో, ఒక ఉపవాసాల నెల మధ్యలో పాచికలు నదిలో పారేసి మా చిన్న మసీదు చీపురు పట్టుకున్నాడు. మరి వదల్లేదు. అజాన్‌కు ముందు నగారా కొట్టేది అతనే. జనం అతని నగారా విని నమాజుకు లేచేవాళ్ళు, చాటుగా మాత్రం ఇంకా 'పాచికల కార్సాన్' అనేవాళ్ళు.

మగవాళ్ళలో తుర్సినా తొట్టిలో ఒట్టి చెయ్యి పెట్టినవాడు అతనొక్కడే. మసీదులో విందు జరిగితే మిగిలిన ఎంగిలంతా తనే మోసుకొచ్చేవాడు. షెడ్డు కప్పు కారితే ఎక్కి రేకు సర్దేవాడు. "వీటికి ఫలానావాడి ఎంగిలి అని పట్టింపు లేదు చూడు, అందరిదీ ఒకేలా తింటాయి" అని ఒకసారి నా ఎదుటే అన్నాడు. అతని భార్య రసియెం "ఆ, నీకు సరిపోయిన స్నేహితులు" అని కసిరింది. ఆవిడ తుర్సినాకు పెద్దక్క లాంటిది. కసిరినా కూర గిన్నె మాత్రం గోడ మీదుగా అందిస్తూనే ఉండేది.

అంతా బాగుంటే నేను చెప్పడానికేముంటుంది? నిరుడు ఎండలు పోయి వానలు మొదలవగానే హర్తోయో కోడలు చెప్పుల్లో కాలు పెడితే మెత్తగా ఒక తెల్ల పురుగు తగిలింది. ఆ కేక నా పొయ్యి దాకా వినపడింది. వార్డు మీటింగు పెట్టారు. హర్తోయో చెడ్డవాడేం కాదు, కానీ కోడలు పుట్టింటికి పోతానని కూర్చుంది. "ఇంకొక్క పురుగు నీ గోడ దాటి కనబడిందంటే షెడ్డు ఎత్తెయ్యాల్సిందే తుర్సినా. అందరి ముందూ అడుగుతున్నా, ఒప్పుకుంటావా?" అన్నాడు. ఆమె తలొంచుకుని ఒప్పుకుంటానంది. ఆ రోజు నుంచి తొట్లు తడవకుండా కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాసింది. ఎందుకంటే తొట్టి పొడిగా ఉంటే పురుగు పలక మీద నుంచే పోతుంది. తొట్టిలో నీరు చేరి అంచులు తడిశాయంటే దానికి పలక అక్కర్లేదు, నిలువు గోడైనా ఎక్కేస్తుంది. చెత్త ఎప్పుడు తడిగా వచ్చినా వెంటనే తవుడో రంపప్పొట్టో కలిపేది.

వానాకాలం నడుమ ఒక మధ్యాహ్నం కార్సాన్ నగారా కొట్టడానికి కర్ర ఎత్తి, కొట్టకుండానే కూలిపోయాడు. ఆ పూట నగారా మోగలేదేమిటి అనుకుంటూ ఉండగానే కబురొచ్చింది. వాన విరగబడి కురుస్తోంది. గొయ్యి తవ్వబోతే తవ్వినంతా నీళ్ళతో నిండిపోయింది. ఇక చేసేది లేక పూడ్చడం మర్నాటి పొద్దుటికి వాయిదా వేశారు. శవాన్ని ముందు గదిలో, తుర్సినా షెడ్డు వైపు గోడ పక్కన, నేల మీద చాప పరిచి పడుకోబెట్టారు. పైన రసియెం దాచుకున్న గోధుమరంగు బాతిక్ అద్దకం గుడ్డ కప్పారు.

ఒక ఇంట్లో చావు జరిగితే మా సందులో ఎవరి పొయ్యీ వాళ్ళ కోసం వెలగదు. ఆడవాళ్ళంతా ఆ ఇంటి వెనక పెరట్లో చేరతారు. పనసకాయ తరిగేవాళ్ళు, కొబ్బరి తురిమేవాళ్ళు, వచ్చినవాళ్ళకు టీ కాచేవాళ్ళు. ఆ ఇంట్లో పని ఉండగా తన ఇంటికి వెళ్ళి తన పని చూసుకునేదాన్ని మనిషిగా లెక్కవెయ్యం. చచ్చిపోయినవాడికంటే నీ బాతులెక్కువా అని ఏళ్ళ తరబడి దెప్పుతాం. దెప్పడంలో నాది అందె వేసిన చెయ్యి. తుర్సినా కబురు వినగానే చేతిలో తవుడు చేట అక్కడే పెట్టేసి వచ్చింది. పాలు తీసిన కొబ్బరి పిప్పి, బియ్యం కడుగు నీళ్ళు, పనస తొక్కలు బకెట్లకు బకెట్లు పోగయ్యాయి. ఎక్కడ పొయ్యమంటావే అని ఎవరో అడిగితే, అలవాటుగా "నా తొట్లలో పోసెయ్యండి" అంది. వాళ్ళు నీళ్ళతో సహా కుమ్మరించి వచ్చారు. ఆమె వెళ్ళి చూసుకోలేదు. పురుగుల్ని చూసొస్తానని చావింటి నుంచి లేస్తే ఎవరేమంటారో ఆమెకు తెలుసు. రాత్రంతా రసియెం పక్కనే కూర్చుంది. బయట వాన ఆగలేదు.

తెల్లవారాక శవానికి స్నానం చేయించడానికి మోదిన్ సహ్లాన్ వచ్చాడు. మా వార్డులో చావులకూ పెళ్ళిళ్ళకూ ప్రార్థనలన్నీ ఆయనే చదువుతాడు. ఆయన తల వైపు పట్టుకుంటే ఇద్దరు కాళ్ళ వైపు పట్టి లేపారు. చాప కొస మడతపడి పైకి లేచింది. దాని కింద పురుగులు. ఒకటీ అరా కాదు. నల్లగా కుప్పగా, ఒకదాని మీద ఒకటి, వెలుగు పడగానే కదలడం మొదలుపెట్టాయి. బాతిక్ మడతలో ఇంకొకటి, అతని నడుము పక్కనే. మోదిన్ చటుక్కున గుడ్డ సర్ది "ఊఁ, నడవండి" అన్నాడు. కానీ కాళ్ళు పట్టిన ఇద్దరికీ కళ్ళున్నాయి, నోళ్ళూ ఉన్నాయి.

మంచి మనిషి శవం మల్లెపూల వాసన వేస్తుందని, పాపం చేసినవాడిని మట్టిలో పెట్టకముందే పురుగులు వెతుక్కుంటూ వస్తాయని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్ళం మేం. స్నానం నీళ్ళు కాగేలోపు ఆ మాట వాకిట్లోకి, వాకిట్లోంచి సందు మొదటి దాకా పాకింది. ఎవరూ గట్టిగా అనలేదు. "చూశావా, చీపురు పడితే మాత్రం పోతుందా?" అని ఒకరు. పాచికల్లో పోయిన హర్తోయో నాన్న గేదె మళ్ళీ బతికి వచ్చింది. పక్కింట్లోనే పురుగుల తొట్లుంటే ఎవరికీ తట్టలేదా అని మీకు అనిపించవచ్చు. తుర్సినా పురుగులంటే అందరికీ తెలిసినవి తెల్లవే, ఈ నల్లవాటిని ఎరిగినవాళ్ళెవరు? ఒకరిద్దరికి తట్టే ఉంటుంది కూడా. కాకపోతే చచ్చినవాడి పాపం నోట్లో నానినంత రుచిగా పక్కింటి తొట్టి నానదు.

తుర్సినా స్నానానికి నీళ్ళు మోస్తోంది. పెరట్లో విసిరేసిన చాప మీద ఇంకా నాలుగైదు పురుగులు అంటుకుని ఉన్నాయి. చూడగానే ఆమె చేతిలో బిందె వొలికింది. బిందె కింద పెట్టి పెరటి తలుపులోంచి తన షెడ్డులోకి వెళ్ళింది. నేను టీ గ్లాసులు కడుగుతూ చూస్తూనే ఉన్నాను. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వచ్చి మళ్ళీ బిందె ఎత్తుకుంది.

రసియెం మొగుడి పాదాలు తనే కడుగుతానని పట్టుబట్టి కడిగింది. బయటికి వచ్చాక తుర్సినా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నేను పక్కనే ఉన్నాను.

"తుర్సీ, నీకు పురుగుల సంగతి తెలుసు కదే. మనిషి ఒంట్లో ఒక్క రాత్రికే పుడతాయా అలాంటివి?"

తుర్సినా పెదాలు కదిలాయి. ఇటు నా వైపు చూసింది, అటు వాకిట్లో హర్తోయో వైపు చూసింది. అతను గొడుగులు పంచుతున్నాడు.

"నాకు తెలీదక్కా" అంది.

రసియెం చెయ్యి వదిలేసింది. ఆవిడ మొహం అప్పుడు ఎలా ఉందో నేను చెప్పలేను. చెప్పడానికి ప్రయత్నించను కూడా. నాకైతే తుర్సినా ఏదో దాస్తోందనిపించింది గాని, ఆ పురుగుల్ని నేను నా కళ్ళతో చూడలేదు, అదేమిటో అప్పటికి నాకూ తెలియదు.

తెల్లటి కఫన్ గుడ్డ చుట్టారు. నమాజు చదివారు. జనాజా పాడె మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి, మల్లె దండలు వేలాడదీసి, వాకిట్లోకి తెచ్చి భుజాలకెత్తే ముందు ఆపారు. శవం వాకిలి దాటేముందు మోదిన్ అక్కడున్న అందరినీ సాక్ష్యం అడుగుతాడు. ఈ పోతున్న మనిషి మంచివాడేనా అని మూడుసార్లు అడుగుతాడు, మంచివాడే అని మూడుసార్లు అందరూ అంటారు. ఎంత దుర్మార్గుడు పోయినా అంటారు. పెళ్ళాన్ని కొట్టి చంపేదాకా తెచ్చినవాడికి కూడా మా సందు గొంతెత్తి 'మంచివాడే' అని చెప్పి పంపింది. ఆ మాట పై లోకంలో చెల్లుతుందని మా నమ్మకం. జవాబు చెప్పేది మగవాళ్ళు. ఆడవాళ్ళం వెనక చూరు కింద నిలబడతాం.

వాన సన్నగా పడుతోంది. మోదిన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో కార్సాన్. ఈ మనిషి మంచివాడేనా?"

గొణుగుడు. ముందు వరసలో ముగ్గురో నలుగురో ఏదో అన్నారు. మిగతావాళ్ళు తలలొంచుకుని కాళ్ళ దగ్గర బురద చూసుకున్నారు. మోదిన్ ఇంకా గట్టిగా అడిగాడు.

"ఈ మనిషి మంచివాడేనా?"

ఈసారి ఆ గొణుగుడు కూడా లేదు. చూరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నా జీవితంలో అంత పాడు నిశ్శబ్దం నేను వినలేదు. రసియెం స్తంభానికి ఆనుకుని అలాగే కిందికి జారింది. ఎవరో పట్టుకున్నారు.

అప్పుడు తుర్సినా చూరు కింద నుంచి వానలోకి వచ్చింది. మగవాళ్ళ మధ్యలోంచి నడిచి జనాజా పక్కన నిలబడింది. ఎవరో "ఏంటమ్మా ఇది, వెనక్కెళ్ళు" అన్నారు. ఆమె వినిపించుకోలేదు.

"ఆ పురుగులు నావి" అంది. వెనకవాళ్ళకు వినపడలేదు, మళ్ళీ అంది. "నా తొట్లోవి. నిన్న నీళ్ళ చెత్త పోశారు, నేను వెళ్ళి చూసుకోలేదు. తడికి గోడెక్కి ఇవతలికి వచ్చాయి. నల్లబడ్డ పురుగు పొడిగా, చీకటిగా ఉన్న చోటు వెతుక్కుంటుంది, ఆ చాప కింద దొరికింది. బావ ఒంట్లోంచి ఏమీ రాలేదు. నమ్మకపోతే వచ్చి చూడండి, గోడ పొడుగునా ఇంకా పాకుతున్నాయి."

మోదిన్ ఆమె వెంట షెడ్డులోకి వెళ్ళాడు. హర్తోయో కూడా వెళ్ళాడు. జనాజా మోసేవాళ్ళు దాని పక్కనే నిలబడ్డారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి మోదిన్ తెల్ల టోపీ మీద ఒక నల్ల పురుగు పాకుతోంది. ఆయనకు తెలియదు. దాన్ని చూసిన తర్వాత ఇక ఎవరికీ ఏ సందేహమూ లేకపోయింది.

"మూడోసారి అడుగుతున్నా" అన్నాడు మోదిన్. ఆయన గొంతులో కోపం ఉంది, అది తుర్సినా మీద కాదు. "ఈ మనిషి మంచివాడేనా?"

"మంచివాడే" అన్నారు అందరూ. నది అవతలికి వినపడేలా అరిచారు. హర్తోయో కూడా అరిచాడు. సిగ్గుపడ్డ మనిషి గొంతు ఎప్పుడూ కొంచెం పెద్దగానే ఉంటుంది. జనాజా లేచి సందు దాటింది. రసియెం కళ్ళు తుడుచుకుని దాని వెనక గుమ్మం దాకా నడిచింది. తుర్సినా పక్కగా ఉన్నా ఆమె వైపు చూడలేదు.

ఏడు రోజుల ప్రార్థనలు అయ్యేదాకా హర్తోయో నోరెత్తలేదు. ఆ మర్యాద అతనికి ఉంది. ఎనిమిదో రోజు పొద్దున వచ్చి గుమ్మం బయటే నిలబడి, అందరి ముందూ ఒప్పుకున్నావు కదమ్మా అన్నాడు. అవును, ఒప్పుకున్నాను అంది ఆమె. నేను ఊరుకోలేక, నిజం చెప్పినందుకు ఇదా బహుమానం అని అడ్డం పడ్డాను. అతను నా వైపు తిరిగి, నీ బజ్జీల్లో పురుగొస్తే అప్పుడు మాట్లాడు వదినా అన్నాడు.  తుర్సినా ఉన్న పురుగులన్నీ బాతులకు పోసేసింది. అవి తిని తిని నడవలేకపోయాయి. ఈగల గూడు దోమతెర విప్పేసింది. తొట్లు బోర్లించి, తడికెలు పొయ్యిలోకి విరిచింది. పది రోజుల్లో బాతుల్ని అమ్మేసి మళ్ళీ మార్కెట్లో ఉల్లిపాయలు ఒలవడానికి పోయింది. కళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. మేం మళ్ళీ నది మలుపులో పోయడం మొదలుపెట్టాం. కంపు ఇప్పుడు నా మూకుడు దాకా వస్తోంది.

షెడ్డు పోయినందుకు ఆమె కుంగిపోలేదు. నాకు తెలుసు. ఏడు రోజులూ ప్రార్థనలయ్యాక రసియెం ఇంటి నుంచి అన్నం, గుడ్డు, కూర సర్దిన పొట్లాలు సందులో ప్రతి గడపకూ వెళ్ళాయి. తుర్సినా గడపకు రాలేదు. మరిచిపోయారనుకోవడానికి రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. కూర గిన్నె ఆ గోడ మీదుగా రావడం ఆగిపోయింది. ఇద్దరూ బట్టలు ఆరేసుకునే వేళలు మార్చుకున్నారు.

నలభయ్యో రోజు విందు వచ్చింది. పనిసాయానికి ఆడవాళ్ళంతా వెళ్ళాం. తుర్సినా రాలేదు, ఎవరూ పిలవనూ లేదు. నేను పనస కూర కలుపుతుంటే ముందు గదిలోంచి రసియెం కేక వినపడింది. వెళ్ళి చూస్తే, ఆ గది కిటికీ అద్దం మీద నల్ల ఈగలు. పది, పన్నెండు ఉంటాయి. రెక్కలు ముడుచుకుని కదలకుండా కూర్చున్నాయి. ఇంకొకటి గోడ పగుల్లోంచి తడిగా అప్పుడే బయటికి వస్తోంది. ఆ రోజు చాప కింద దొరకనివి పగుళ్ళలోకి పోయి దాక్కున్నట్టున్నాయి. పక్కనున్నావిడ చీపురు ఎత్తింది. రసియెం చీపురు లాక్కుంది.

"తుర్సినాను పిలువు" అంది నాతో.

నేను వెళ్ళి పిలిచాను. ఆమె చేతులింకా ఉల్లి వాసనేస్తున్నాయి. గుమ్మంలోనే ఆగింది. రసియెం లోపలికి రమ్మనలేదు.

"ఇవి నీవేనా?"

"నావే అక్కా."

"ఈసారి అడగ్గానే చెప్పావే."

తుర్సినా ఉల్లి చేతుల్ని కొంగుకు తుడుచుకుంది.

"ఆ రోజు నేను చెయ్యి పట్టుకుని అడిగాను. ఎందుకు చెప్పలేదు?"

"షెడ్డు పోతుందని."

"పోయిందిగా."

"పోయిందక్కా."

రసియెం కిటికీ వైపు తిరిగింది.  కూర మాడుతోందని తెలిసినా నేను కదల్లేదు.

"వాళ్ళు అనుకున్నందుకు నాకు బాధ లేదే" అంది. "వాళ్ళు ఎప్పుడూ అనుకునేదే. నేనూ అనుకున్నాను. నీకు తెలీదంటే ఇంకెవరికి తెలుస్తుంది? నిజమే కాబోలు అనుకున్నాను. మోదిన్ రెండోసారి అడిగినప్పుడు నా మనసులో కూడా మంచివాడే అన్న మాట రాలేదు. నాతో అన్నేళ్ళు కాపురం చేసినవాడు. నువ్వు వచ్చి చెప్పి, వాళ్ళందరి చేతా మంచివాడే అనిపించావు. సరే. నేను అనకుండా ఉన్నదాన్ని ఏం చేస్తావు?"

తుర్సినా గుమ్మం పట్టుకుని నిలబడింది.   తర్వాత లోపలికి వచ్చి, రసియెం వైపు చూడకుండా, కిటికీ తలుపు గడియ తీసింది. ఒక్కొక్క ఈగనూ రెండు వేళ్ళతో తీసి బయట చువ్వ మీద పెట్టింది. అవి మెల్లగా ఎగిరి నది మలుపు వైపు, మేం చెత్త పోసే వైపు పోయాయి. అంతా అయ్యాక ఆమె వచ్చిన దారినే వెళ్ళిపోయింది. రసియెం కిటికీ మూయలేదు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక పొట్లాలు సర్దాం. ఎన్ని గడపలో అన్ని సర్దాం, ఒకటి తక్కువ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఎవరూ చూడకుండా ఇంకొక పొట్లంలో అన్నం, గుడ్డు, మాడని వైపు కూర పెట్టి, కొంగు చాటున దాచి తుర్సినా ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె చీకట్లోనే కూర్చుని ఉంది, దీపం వెయ్యలేదు. పొట్లం చూసి లేచి రెండు చేతులతో అందుకుంది. 

"అక్క పంపిందా వదినా?" అంది.

అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. అవునంటే సరిపోయేది. రోజంతా అబద్ధాలాడే నోరు నాది. ఆ ఇంట్లో, ఆ మనిషి ముందు మాత్రం రాలేదు.

"నేనే తెచ్చాను" అన్నాను.

 ఆమె పొట్లాన్ని మెల్లగా నా చేతుల్లో పెట్టేసింది.

"ఇంకా వేడిగా ఉంది. నువ్వు తినెయ్ వదినా" అంది.